మళ్లీ మళ్లీ చూసే సినిమా: ‘మొఘల్-ఎ-ఆజమ్’ ఒక్కో వయసులో ఒక్కోలా ఎందుకు కనిపిస్తుంది?

కొన్ని సినిమాలు ఒకసారి చూస్తే చాలు. కథ తెలిసిపోయాక మళ్లీ చూడాలనిపించదు. ఇంకొన్ని అలా కాదు. కథ తెలుసు, పాటలు తెలుసు, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడతారో కూడా తెలుసు. అయినా టీవీలో వస్తుంటే రిమోట్ పక్కన పెట్టేస్తారు. తెలుగు ఇళ్లల్లో ‘మాయాబజార్’కు ఆ గౌరవం ఉంది. ‘షోలే’కు దేశమంతా ఉంది. ఉర్దూ వినిపించే ఇళ్లల్లో ఆ స్థానం ‘మొఘల్-ఎ-ఆజమ్’ది.

1960 ఆగస్టు 5న విడుదలైన సినిమా ఇది. ఆరు దశాబ్దాలు దాటిపోయింది. అప్పట్లో థియేటర్లో చూసిన దాదీ, నానీల తరం నుంచి ఫోన్‌లో చూసే మనవల తరం దాకా వచ్చింది. పండగ రోజు షీర్ ఖుర్మా అయ్యాక, చుట్టాలంతా ఒక గదిలో చేరినప్పుడు, ఇది పెడదామా అంటే ‘మళ్లీనా’ అనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లే చివరిదాకా కూర్చుంటారు.

ఇన్నిసార్లు చూసినా ఎందుకు విసుగు రాదు? భారీ సెట్లు, పాటలు ఒక కారణం. అసలు కారణం మాత్రం వేరే ఉంది. ఈ సినిమాలో గొడవ పడే ఇద్దరి దగ్గరా న్యాయం ఉంది. అందుకే చూసేవాళ్ల వయసు మారితే వాళ్లు నిలబడే పక్షం కూడా మారిపోతుంది.

కథ క్లుప్తంగా

అక్బర్ బాద్‌షాకు వారసుడు లేడు. షేక్ సలీం చిష్తీ దర్గాకు నడిచి వెళ్లి దువా చేస్తాడు. కొడుకు పుడతాడు. ఆ కబురు తెచ్చిన కనీజ్‌కు, అంటే పనిమనిషికి, సంతోషంతో తన ఉంగరం ఇస్తాడు. ఎప్పుడైనా ఏదైనా ఒక కోరిక కోరుకోమని మాట ఇస్తాడు. చూసేవాళ్లు ఈ మాటను మధ్యలో మర్చిపోతారు. సినిమా మర్చిపోదు.

కొడుకు సలీం గారాబంతో చెడిపోతున్నాడని చిన్నతనంలోనే యుద్ధరంగానికి పంపేస్తాడు తండ్రి. పద్నాలుగేళ్ల తర్వాత సలీం వీరుడై తిరిగి వస్తాడు. శిల్పంలా నిలబడిన నాదిరా అనే అమ్మాయిని చూస్తాడు. ఆమెకు అనార్కలి అని పేరు పెట్టింది అక్బరే. దాన్నిమ్మ పువ్వు అని అర్థం. యువరాజు, కనీజ్ ప్రేమించుకుంటారు. తఖ్త్ మీద కన్నేసిన బహార్ ఈ సంగతి బాద్‌షా చెవిన పడేలా చేస్తుంది.

ఆ తర్వాత జైలు, దర్బారు, బగావత్, యుద్ధం. సలీం ఓడిపోతాడు. అనార్కలిని అప్పగించకపోతే మరణశిక్ష అని తండ్రే తీర్పు ఇస్తాడు. అతన్ని బతికించడానికి అనార్కలి తనంతట తానే వచ్చి లొంగిపోతుంది. ఆమెను సజీవంగా గోడ కట్టి సమాధి చేయమని హుకుం. అప్పుడు వస్తుంది అనార్కలి తల్లి. ఎన్నో ఏళ్ల కింద ఉంగరం అందుకున్న కనీజ్ ఆమే. ఇచ్చిన మాట అడుగుతుంది. అక్బర్ మాట నిలబెట్టుకుంటాడు. అనార్కలిని సొరంగం దారిలో రహస్యంగా పంపించేస్తాడు. షరతు ఒక్కటే: ఆమె బతికి ఉందని సలీంకు ఎప్పటికీ తెలియకూడదు.

వయసు మారితే పక్షం మారుతుంది

పదిహేను, పదహారేళ్లప్పుడు చూస్తే ఇది సలీం సినిమా. తండ్రి ఎందుకు ఇంత రాతి గుండె మనిషి అనిపిస్తుంది. దిలీప్ కుమార్ గొంతు పెంచకుండానే ఎదురు తిరుగుతాడు. కుర్రాళ్లకు అది చాలు.

ముప్పై దాటాక చూస్తే అనార్కలి కనిపిస్తుంది. ఇద్దరు మగవాళ్లు, ఒక సల్తనత్ పోట్లాడుకుంటుంటే శిక్ష మాత్రం ఆమెకే పడుతోంది. యువరాజు బగావత్ చేయగలడు, అతనికి సైన్యం ఉంది. ఆమెకు ఏముంది? శీష్ మహల్‌లో బాద్‌షా కళ్లలోకి చూస్తూ పాడటం తప్ప ఇంకో ఆయుధం లేదు.

ఇంట్లో పెళ్లీడు పిల్లలు వచ్చాక చూస్తే జోధా కనిపిస్తుంది. ఒకవైపు భర్త, ఒకవైపు కొడుకు. ఎవరు గెలిచినా ఆమె ఓడినట్టే. దుర్గా ఖోటే ఆ పాత్రలో ఎక్కువ మాట్లాడరు. తల్లులకు అర్థం కావడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు కూడా.

యాభై దాటాక చూస్తే అక్బర్. కొడుకు కోసం కాలినడకన వెళ్లి దువా చేసిన మనిషే ఆ కొడుకు మీద కత్తి దూయాల్సి వచ్చింది. సినిమాలో ఆయన సలీంను ‘షేఖూ’ అని పిలుస్తాడు. ఇది రచయితలు కల్పించిన ముద్దుపేరు కాదు. తండ్రి తనను షేఖూ బాబా అని పిలిచేవాడని జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. దర్బారులో ఆయన షహెన్‌షా. ఆ ఒక్క పిలుపులో మాత్రం మామూలు తండ్రి.

సినిమాకు ‘సలీం అనార్కలి’ అని కాకుండా ‘మొఘల్-ఎ-ఆజమ్’, అంటే మహా మొఘలు, అని పేరు పెట్టడంలోనే ఈ సంగతి ఉంది. దర్శకుడు కె. ఆసిఫ్ ప్రేమికుల కథను బాద్‌షా కళ్లతో చెప్పాడు. చివరలో తండ్రి చేసిన మేలు కొడుక్కు తెలియదు. కొడుకు దృష్టిలో ఎప్పటికీ దోషిగా ఉండిపోవడానికి ఆయన ఒప్పుకుంటాడు. ఇంట్లో చాలామంది తండ్రులు ఆ సీన్ దగ్గర మాట్లాడకుండా కూర్చునేది అందుకే.

పదహారేళ్ల పని

ఇటావాలో పుట్టిన కె. ఆసిఫ్ ఈ సినిమా ఆలోచన మొదలుపెట్టింది 1944లో. అప్పటి నటులు వేరు. అక్బర్‌గా చంద్రమోహన్, సలీంగా సప్రూ, అనార్కలిగా నర్గీస్. డబ్బు పెట్టింది షిరాజ్ అలీ హకీం. దేశ విభజనతో హకీం పాకిస్తాన్ వెళ్లిపోయారు. 1949లో చంద్రమోహన్ చనిపోయారు. తీసినదంతా పక్కన పెట్టేయాల్సి వచ్చింది.

తర్వాత కట్టడాల వ్యాపారంలో పేరున్న షాపూర్జీ పల్లోంజీ డబ్బు పెట్టడానికి ముందుకొచ్చారు. సినిమా కొత్తగా మొదలైంది. ఈసారి అక్బర్‌గా పృథ్వీరాజ్ కపూర్, సలీంగా దిలీప్ కుమార్, అనార్కలిగా మధుబాల. దిలీప్ కుమార్ అసలు పేరు యూసుఫ్ ఖాన్, పెషావర్‌లో పుట్టారు. మధుబాల అసలు పేరు ముంతాజ్ జహాన్ బేగం. చిన్నప్పటి సలీంగా చేసిన పిల్లవాడు జలాల్ ఆగా. ‘షోలే’లో గబ్బర్ డేరా దగ్గర పాటలో కనిపించేది ఆయనే.

మధుబాలకు అప్పటికే గుండె జబ్బు ఉంది. జైలు సీన్లలో ఆమె ఒంటి మీద ఉన్నవి నిజమైన ఇనుప గొలుసులు. షూటింగ్ సాగే కాలంలోనే దిలీప్ కుమార్‌కూ ఆమెకూ మాటలు ఆగిపోయాయి. తెరమీద మాత్రం ఆ సంగతి ఎక్కడా తెలియదు. 1969లో, 36 ఏళ్లకే ఆమె కన్నుమూశారు. ఈ సంగతి తెలిశాక గొలుసుల సీన్ రెండోసారి చూడటం కష్టమే.

కె. ఆసిఫ్ 1971లో చనిపోయారు. ఆయన దర్శకత్వంలో ఆయన బతికుండగా విడుదలైన సినిమాలు రెండే. 1945లో ‘ఫూల్’, 1960లో ఇది. మొదలుపెట్టిన మూడోది ‘లవ్ అండ్ గాడ్’ ఆయన పోయాక, 1986లో బయటికొచ్చింది.

ఖర్చు లెక్క

ఆ కాలంలో పది లక్షల్లో ఒక మంచి సినిమా పూర్తయ్యేది. ‘మొఘల్-ఎ-ఆజమ్’కు కోటి నుంచి కోటిన్నర రూపాయల దాకా అయిందని లెక్క. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తెరమీద కనిపిస్తుంది.

ఒక్క శీష్ మహల్ సెట్ చూడండి. 150 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు, 35 అడుగుల ఎత్తు. బెల్జియం నుంచి తెప్పించిన గాజు, ఫిరోజాబాద్ పనివాళ్లు, రెండేళ్ల పని. తీరా లైట్లు వేస్తే అద్దాలన్నీ తళతళమని కెమెరాకు ఏమీ కనిపించలేదు. అద్దాల మీద పల్చగా మైనం పూసి మెరుపు తగ్గించారు. ఛాయాగ్రాహకుడు ఆర్.డి. మాథుర్ అక్కడక్కడా బట్ట కట్టి, వెలుగు నేరుగా కాకుండా తిరిగొచ్చి పడేలా చేశారు. ఆ పాటలో అనార్కలి ఒక్కతే వెయ్యి అద్దాల్లో కనిపించడం వెనుక ఉన్న కష్టం ఇదీ.

యుద్ధం సీన్లకు 2,000 ఒంటెలు, 8,000 మంది సైనికులు. వాళ్లలో ఎక్కువమంది భారత సైన్యం నుంచి వచ్చిన అసలు సిపాయిలే. ఇప్పుడైతే కంప్యూటర్‌లో కూర్చోబెట్టి గుణిస్తారు.

పాటల లెక్క ఇంకా తమాషా. సంగీతం నౌషాద్, పాటలు రాసింది షకీల్ బదాయునీ. తాన్‌సేన్ గొంతు కోసం ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ దగ్గరికి వెళ్లారు. ఆయనకు సినిమాకు పాడటం ఇష్టం లేదు. వీళ్లే వెళ్లిపోతారులే అని పాటకు 25,000 రూపాయలు అడిగారు. అప్పట్లో పేరున్న గాయకులకు కూడా పాటకు 500 రూపాయలు దాటేది కాదు. కె. ఆసిఫ్ బేరం ఆడకుండా సరేనన్నారు. మహమ్మద్ రఫీ పాడిన ఒక పాటలో వెనుక 100 మంది కోరస్. శీష్ మహల్ పాటలో గొంతు గోడలకు తగిలి ప్రతిధ్వనించాలి. ఆ రోజుల్లో అలా చేసే యంత్రాలు లేవు. అందుకని లతా మంగేష్కర్‌తో స్టూడియో బాత్రూంలో పాడించారు.

ఇన్ని పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా? వచ్చింది. దేశవ్యాప్తంగా 150 థియేటర్లలో విడుదలైంది. బొంబాయి మరాఠా మందిర్‌కు సినిమా రీళ్లను అలంకరించిన ఏనుగు మీద తెచ్చారు. రూపాయిన్నర టికెట్ 100 రూపాయలు పలికింది. 1975లో ‘షోలే’ వచ్చేదాకా, అంటే 15 ఏళ్లు, వసూళ్లలో దీన్ని మించిన హిందీ సినిమా లేదు.

ఇందులో హైదరాబాద్ వాటా

చాలామంది గమనించని సంగతి ఇది. ఈ సినిమా బొంబాయిలో తీశారు, కథ ఆగ్రా, లాహోర్‌లది. కానీ హైదరాబాద్ చేయి ఇందులో బాగానే ఉంది.

కుట్రలు పన్నే బహార్‌గా చేసిన నిగార్ సుల్తానా హైదరాబాద్‌లో పుట్టారు. ఖవ్వాలీ పోటీలో అనార్కలికి ఎదురుగా కూర్చునేది ఆమే. సలీం పువ్వు బహార్‌కిచ్చి, ముళ్లు అనార్కలికిస్తాడు. ఎవరు గెలిచారన్నది ఇళ్లల్లో ఇంకా తేలలేదు. నిగార్ సుల్తానా తర్వాత కె. ఆసిఫ్‌ను పెళ్లి చేసుకున్నారు.

సలీం స్నేహితుడు, ఇచ్చిన మాట కోసం ప్రాణం పెట్టే రాజ్‌పుత్ దుర్జన్ సింగ్‌గా చేసింది అజిత్. అసలు పేరు హమీద్ అలీ ఖాన్. 1922లో గోల్కొండలో పుట్టారు. తర్వాత విలన్‌గా దేశమంతా పేరు తెచ్చుకున్న అజిత్ ఆయనే. 1998లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ‘లయన్’ పాత్ర చూసి నవ్వుకున్నవాళ్లు దుర్జన్ సింగ్‌ను చూస్తే ఇద్దరూ ఒకరేనా అనుకుంటారు.

ఇక నగలు. ఈ సినిమాకు దేశం నలుమూలల నుంచి పనివాళ్లను పిలిపించారు. బట్టలు కుట్టింది ఢిల్లీ దర్జీలు, చెప్పులు ఆగ్రావి, కిరీటాలు కొల్హాపూర్‌వి, ఆయుధాలు రాజస్థాన్ కమ్మరులవి. నగలు చేసింది హైదరాబాద్ కంసాలులు. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ఇప్పటికీ నగలు చేయించుకునే కుటుంబాలకు ఆ పనితనం కొత్త కాదు. తర్వాతిసారి చూసేటప్పుడు జోధా మెడ, అనార్కలి నుదురు కాస్త గమనించండి.

తెలుగులో అనార్కలి

తెలుగు ప్రేక్షకులకు అనార్కలి ‘మొఘల్-ఎ-ఆజమ్’ కంటే ముందే తెలుసు. 1955లోనే వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ‘అనార్కలి’ వచ్చింది. సలీంగా అక్కినేని నాగేశ్వరరావు, అనార్కలిగా అంజలీదేవి, అక్బర్‌గా ఎస్వీ రంగారావు. సంగీతం ఆదినారాయణరావు. ఘంటసాల, జిక్కి పాటలు ఇప్పటికీ పాత పాటల కార్యక్రమాల్లో వినిపిస్తాయి. ‘మాయాబజార్’ ఘటోత్కచుడు అంతకు రెండేళ్ల ముందే మొఘలు దర్బారులో కూర్చున్నాడన్నమాట.

1979లో ఎన్టీ రామారావు స్వయంగా దర్శకత్వం వహించి ‘అక్బర్ సలీం అనార్కలి’ తీశారు. ఆయనే అక్బర్, కొడుకు బాలకృష్ణ సలీం, దీప అనార్కలి. తెరమీద తండ్రీకొడుకులుగా చేసింది ఇంట్లోనూ తండ్రీకొడుకులే. సంగీతం సి. రామచంద్ర. 1953లో హిందీ ‘అనార్కలి’కి బాణీలు కట్టింది కూడా ఆయనే. తెలుగు పాటలు రాసింది సి. నారాయణరెడ్డి. ఉర్దూ మీడియంలో చదువుకుని తెలుగులో గజళ్లు రాసిన కవి. ఆ సినిమాలో మహమ్మద్ రఫీ తెలుగులో పాడారు. ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే కుటుంబాలకు ఆ పాటలు ప్రత్యేకం. ఒకే ఇంట్లో రెండు భాషలు ఎలా కలిసి ఉంటాయో, ఆ పాటల్లోనూ అలాగే ఉన్నాయి.

చరిత్ర ఎంత? కల్పన ఎంత?

ఇది పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన భాగం. సినిమాను ఎన్నోసార్లు చూస్తే అదే చరిత్ర అనిపిస్తుంది. కాదు.

అక్బర్ పాలన 1556 నుంచి 1605 దాకా. ఇది చరిత్ర. 1569లో సలీం పుట్టాడు. షేక్ సలీం చిష్తీ మీద గౌరవంతోనే ఆ పేరు పెట్టారు. ఇది కూడా చరిత్ర. సలీం తండ్రి మీద తిరుగుబాటు చేసి అలహాబాద్‌లో సొంత దర్బారు పెట్టుకున్న మాట నిజం. అక్బర్‌కు ఆప్తుడైన అబుల్ ఫజల్‌ను 1602లో చంపించింది సలీమే. తండ్రీకొడుకుల మధ్య దూరం కల్పన కాదు. దానికి కారణం మాత్రం తఖ్త్. ఒక అమ్మాయి కోసం జరిగిందనడానికి ఆధారం లేదు.

అనార్కలి పేరు అబుల్ ఫజల్ ‘అక్బర్‌నామా’లో లేదు. జహంగీర్ ఆత్మకథలోనూ లేదు. ఆ కాలంలో లాహోర్ వచ్చిన ఇంగ్లీషు వర్తకుడు విలియం ఫించ్ ఇలాంటి ఒక కథ విన్నట్టు రాశాడు. లాహోర్‌లో అనార్కలి పేరుతో ఒక సమాధి ఉంది, బజారూ ఉంది. ఈ జ్ఞాపకాలన్నిటినీ కలిపి 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ ఉర్దూలో ‘అనార్కలి’ నాటకం రాశారు. ఆ నాటకంలోనే ఇది కల్పన అని చెప్పుకున్నారు. సినిమాలన్నీ ఆ నాటకం నుంచి పుట్టినవే.

జోధా పేరు సంగతీ అంతే. జహంగీర్ తల్లి ఆమేర్ రాజ్‌పుత్ రాజకుమారి. మొఘలు రాతల్లో ఆమెను మరియం-ఉజ్-జమానీ అన్న బిరుదుతో రాశారు. జోధా అన్న పేరు ఆ కాలపు రాతల్లో కనిపించదు.

ఇప్పుడు మొఘలుల గురించి టీవీల్లో, బళ్లల్లో వాదనలు నడుస్తున్నాయి. పిల్లలు ఏదో ఒకటి విని ఇంటికొస్తారు. అలాంటప్పుడు సినిమాను చరిత్ర పాఠంగా చూపిస్తే వాళ్లు వాదనలో ఓడిపోతారు. సినిమాను సినిమాగా, చరిత్రను చరిత్రగా విడదీసి చెబితే రెండూ వాళ్ల దగ్గర నిలుస్తాయి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. విభజన గాయాలు పచ్చిగా ఉన్న రోజుల్లో ఈ సినిమా తయారైంది. హిందుస్తాన్ తానే మాట్లాడుతున్నట్టు సినిమా మొదలవుతుంది. బాద్‌షా మహల్లో కృష్ణాష్టమి జరుగుతుంది, కుర్రాడి కోసం దర్గాలో దువా జరుగుతుంది. 1960లో కె. ఆసిఫ్ చెప్పదలచుకున్నది అక్బర్ కాలం గురించి ఎంతో, తన కాలం గురించి కూడా అంతే.

జుబాన్ కోసం చూసేవాళ్లు

ఈ సినిమాకు మాటలు రాసింది నలుగురు: అమాన్, కమాల్ అమ్రోహీ, వజాహత్ మిర్జా, ఎహ్‌సాన్ రిజ్వీ. ఫిల్మ్‌ఫేర్‌లో ఉత్తమ చిత్రం, ఛాయాగ్రహణంతో పాటు మాటలకు కూడా అవార్డు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు కళ్లు మూసుకుని కూడా ఈ సినిమా ‘చూస్తారు’. వినడమే వాళ్లకు చూడటం.

పిల్లల సంగతి వేరు. చాలా ఇళ్లల్లో బడి తెలుగులోనో, ఇంగ్లీషులోనో నడుస్తుంది. ఇంట్లో దఖ్నీ మాట్లాడతారు. దర్బారీ ఉర్దూ వినగానే ‘ఏమన్నాడు?’ అని అడుగుతారు. అడగనివ్వండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పక్కన దాదీ ఉంటే, మూడు గంటల సినిమా ఒక మంచి పాఠం. ఈ కొన్ని మాటలు ముందే తెలిస్తే పిల్లలకు దారి దొరుకుతుంది:

జిల్ల్-ఎ-ఇలాహీ: దేవుడి నీడ అని అర్థం. బాద్‌షాను సంబోధించే మాట.

వలీ అహద్: తఖ్త్‌కు వారసుడైన యువరాజు.

కనీజ్: రాజమహల్లో పనిచేసే దాసి. కథలో గొడవంతా ఈ ఒక్క మాట మీదే.

సంగ్‌తరాష్: రాయి చెక్కే శిల్పి. సినిమాలో బాద్‌షాకు భయపడకుండా నిజం మాట్లాడే మనిషి ఇతనే.

తఖ్లియా: ఏకాంతం. బాద్‌షా ఆ మాట అంటే మిగతావాళ్లంతా బయటికి వెళ్లిపోవాలి.

గుస్తాఖీ: పెద్దల ముందు హద్దు దాటి మాట్లాడటం.

బగావత్: తిరుగుబాటు.

ఇన్సాఫ్: న్యాయం. దర్బారులో కనిపించే పెద్ద తరాజు దీని గుర్తు.

తెలుగు మాత్రమే వచ్చిన పిల్లలు కూడా భయపడనక్కర్లేదు. దర్బారు, హుకుం, సిపాయి, ఖైదీ, తరాజు, ఫిర్యాదు, ఇనాం: ఇవన్నీ తెలుగులో రోజూ వాడే మాటలే. సినిమా నడుస్తుంటే ఇవి వినిపించినప్పుడల్లా లెక్కపెట్టమనండి. తమ రెండు భాషలు ఎంత దగ్గర చుట్టాలో వాళ్లకే తెలుస్తుంది.

ఏది చూడాలి: నలుపు-తెలుపా? రంగులా?

1960లో వచ్చిన సినిమా పూర్తి నలుపు-తెలుపు కాదు. తీస్తుండగానే రంగుల సినిమా రావడంతో శీష్ మహల్ పాట, చివరి భాగం కొంత టెక్నికలర్‌లో తీశారు. మొత్తం మళ్లీ రంగుల్లో తీద్దామనుకున్నారు కె. ఆసిఫ్. ఇంకా ఆగలేమని పంపిణీదారులు అనడంతో కుదరలేదు. దాదాపు 85 శాతం నలుపు-తెలుపులోనే మిగిలింది.

ఆయన కోరిక 2004లో తీరింది. పాడైపోతున్న నెగెటివ్‌లను ముందు బాగుచేసి, తర్వాత సినిమా మొత్తానికి రంగులు అద్ది, శబ్దం కూడా కొత్తగా చేసి 2004 నవంబర్ 12న థియేటర్లలో విడుదల చేశారు. నలుపు-తెలుపు హిందీ సినిమాను ఇలా పూర్తిగా రంగుల్లోకి మార్చి థియేటర్‌కు తేవడం అదే మొదటిసారి. 2006లో పాకిస్తాన్ థియేటర్లలోనూ ఆడింది. 2016లో దర్శకుడు ఫిరోజ్ అబ్బాస్ ఖాన్ దీన్ని రంగస్థలం మీదికి కూడా తెచ్చారు.

అసలు సినిమా నిడివి 197 నిమిషాలు. రంగుల ప్రతి 177 నిమిషాలు. అంటే 20 నిమిషాలు తగ్గింది. చిన్నపిల్లలతో మొదటిసారి చూసేవాళ్లకు రంగులదే సులువు. పాత ప్రతిలో మాత్రం ఒక లాభం ఉంది. రెండు గంటలు నలుపు-తెలుపులో గడిపిన కళ్లకు శీష్ మహల్ ఒక్కసారిగా రంగుల్లో తెరుచుకుంటుంది. 1960లో ప్రేక్షకులు నోరెళ్లబెట్టింది ఆ క్షణానికే. రంగుల ప్రతిలో ఆ క్షణం ఉండదు.

మిగిలిన సినిమా, పోయిన సినిమా

మళ్లీ మళ్లీ చూడాలంటే ముందు సినిమా బతికి ఉండాలి. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైన ‘ఆలం ఆరా’ మన దేశపు మొదటి మాట్లాడే సినిమా. అందులో వినిపించింది హిందుస్తానీ జుబానే. ఇవాళ దాని ప్రతి ఒక్కటి కూడా దొరకడం లేదు. కొన్ని ఫొటోలు, పోస్టర్లు తప్ప చూసుకోవడానికి ఏమీ లేదు. ‘మొఘల్-ఎ-ఆజమ్’ నెగెటివ్‌లు సమయానికి బాగుచేయకపోతే దానికీ ఎంత నష్టం జరిగేదో చెప్పలేం.

రీలు సంగతి కంపెనీలు చూసుకుంటాయి. దాన్ని అర్థం చేసుకునే చెవులను కాపాడుకోవాల్సింది ఇళ్లల్లోనే. సినిమాలు చూడని కుటుంబాలు ఉన్నాయి, అది వాళ్ల ఇష్టం. చూసే కుటుంబాలు మాత్రం ఈసారి ఒక పని చేయవచ్చు. పిల్లల్ని వేరే గదిలో ఫోన్లతో వదిలేయకుండా దాదీ పక్కన కూర్చోబెట్టండి. మాట అర్థం కానప్పుడు సినిమా ఆపి అడగనివ్వండి. చివర్లో ఒకటే ప్రశ్న వేయండి: తప్పు ఎవరిది, అక్బర్‌దా, సలీందా?

పిల్లలు ఒక జవాబు చెబుతారు, అబ్బా ఇంకోటి చెబుతారు, దాదీ నవ్వి ఊరుకుంటుంది. పదేళ్ల తర్వాత అదే గదిలో మళ్లీ అదే సినిమా పెడితే, అప్పుడు సలీం వైపు మాట్లాడిన పిల్లాడే అక్బర్ వైపు మాట్లాడవచ్చు.